పన్నెండు మంది లీడర్లు, రెండు రోజులు, 160 మీటర్ల తాడు

పోయినేడు మా బడి స్కౌట్, గైడ్ క్యాంపులో ముప్పై ఆరుమంది పిల్లల్ని గ్రౌండులో కూర్చోబెట్టి ముడులన్నీ నేనే నేర్పాను. వారం తిరిగాక తాడు చేతికిస్తే ముగ్గురు తప్ప ఎవరూ వేయలేకపోయారు. ఈసారి పద్ధతి మార్చాం. మొదట పన్నెండుమంది లీడర్లకే నేర్పాలి. రెండో రోజు వాళ్ళే మిగతా ఇరవై నాలుగుమందికి నేర్పాలి. ఆ ఇరవై నాలుగుమంది చేతుల్లో ఏం మిగిలిందో అదే లెక్క. లీడర్ తను ఎంత బాగా ముడి వేస్తాడో ఇక్కడ ఎక్కడా మార్కులు వేయలేదు.

మా బడి వికారాబాద్ దగ్గర. మూడు స్కౌట్ పెట్రోళ్ళు (చిరుత, నెమలి, పాలపిట్ట), మూడు గైడ్ పెట్రోళ్ళు (తంగేడు, మల్లె, బంతి). ఒక్కోదానికి లీడర్, సెకండ్ (ఇద్దర్నీ లీడర్లనే లెక్కేశాం), కింద నలుగురు చిన్నవాళ్ళు. తల్లిదండ్రుల మీటింగులో "మీ బాబు పెట్రోల్ లీడర్ అయ్యాడు" అంటే ఒక నాన్నగారు "ఏ బంకులో సార్?" అన్నారు. అప్పట్నుంచి మేము దళం అనే అంటున్నాం. గైడ్ కెప్టెన్ మేడమ్ నాతోపాటు మొదటి రోజు నుంచీ ఉన్నారు. ఇందులో పనికొచ్చిన మార్పుల్లో సగం ఆవిడవే.

దశ 1: స్థలం, నేల (నవంబర్ మొదటి వారం)

అనంతగిరి గుట్టల కింద, మూసీ పుట్టే వైపు, తెలిసినవాళ్ళ మామిడితోట. అడవిలోకి వెళ్ళకూడదని ముందే అనుకున్నాం. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం, మాకేమో పొయ్యి లేకుండా క్యాంపు లేదు. తోటలో బోరు, సిమెంటు గచ్చు వేసిన ప్యాకింగ్ షెడ్డు, కాపలాదారు ఉండే పక్కా గది ఉన్నాయి. అద్దె లేదు. కాపలాదారుకు మాత్రం 500 ఇస్తామన్నాం.

నేల దగ్గర మొదటి దెబ్బ తగిలింది. ఆ గుట్టల చుట్టూ ఎర్ర మొరం, దాని కింద చిల్లుల చిల్లుల ఎర్రరాయి. టెంటు మేకు ఒకటి దిగగొట్టి చూశాను. ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగింది, పదో దెబ్బకి వంగింది. ఐదు చోట్ల చూస్తే ఒక్కచోటే చేతెడు లోతు దిగింది.

మరుగుదొడ్డి గుంతకు కనీసం 60 సెంటీమీటర్లు కావాలి. గడ్డపారతో ముప్పావు గంట తవ్వితే 25 సెంటీమీటర్లు. రెండో చోట 30. చేతులు బొబ్బలెక్కాక కాపలాదారు వచ్చి నిలబడి చూసి, "గక్కడ పూడికమట్టి పోసిన జాగ ఉంది గదా సారూ" అన్నాడు. మిషన్ కాకతీయ రోజుల్లో చెరువు పూడిక తీసినప్పుడు ట్రాక్టర్లతో తోలించుకున్న నల్లమట్టి, తోట పడమటి మూల పరిచి ఉంది. అక్కడ మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల లోతు గుంత అరగంటలో అయింది. బోరుకు దూరం టేపుతో కొలిస్తే 70 మీటర్లు, వాలు బోరుకు ఎదురు దిక్కుకు. సరిపోయింది.

మీరు చేస్తే ఈ క్రమంలో చేయండి:

1. స్థలం చూడ్డానికి పోయేటప్పుడే గడ్డపార, ఒక మేకు, టేపు పట్టుకెళ్ళండి.
2. గుంత తవ్వే చోటు ముందు ఖాయం చేసుకోండి, టెంట్ల చోటు తరువాత.
3. మేకు దిగని నేలలో మేకుల మీద డబ్బు పెట్టకండి. మేము గోనెసంచుల్లో మొరం నింపి, వాటికే పట్టా తాళ్ళు కట్టాం. ఒక్కో సంచి పది పన్నెండు కిలోలు ఉంటే గాలికి ఆగింది.
4. ఆసుపత్రికి దారి బండి మీద ఒకసారి పోయి చూసుకోండి. మాకు 22 నిమిషాలు పట్టింది. పాముకాటు మందు ఉందో లేదో లోపలికి వెళ్ళి అడిగి వచ్చాను.

నాలుగోది రాయకుండా ఉండలేను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్ళను కరిచినా చాలాసార్లు నొప్పి, వాపు కనిపించవు. అందుకే పట్టాలతో పిల్లలు గుడారాలు కడతారు గానీ వాటిలో పడుకోరు. అబ్బాయిలు షెడ్డులో, అమ్మాయిలు మేడమ్‌తో పక్కా గదిలో. ఇద్దరు పిల్లలు మొహం ముడుచుకున్నారు. ముడుచుకోనీ.

ఖర్చు: నైలాన్ తాడు 50 మీటర్లు 650, ఆరడుగుల వెదురు బొంగులు 18 (ఒక్కోటి 60) 1080, కంపాసులు నాలుగు 720.
ఇప్పటివరకు: రూ. 2,450

దశ 2: బడి గ్రౌండులో ప్రయోగం (నవంబర్ రెండో శనివారం, మరుసటి ఆదివారం)

స్కౌటింగు తొలి మెట్టు ప్రథమ సోపాన్‌లో వచ్చే ముడులు లీడర్లకు వచ్చు. రెండో మెట్టు ద్వితీయ సోపాన్‌లో లాషింగుల (బొంగుల్ని తాడుతో కలిపి కట్టే కట్ల) దగ్గరే అసలు కథ. పరీక్ష ఇలా పెట్టాం: రెండు బొంగులు గోడకు ఆనించి నిలబెట్టాలి, మూడోది అడ్డంగా స్క్వేర్ లాషింగుతో కట్టాలి, దాని మధ్యలో 20 లీటర్ల నీళ్ళ క్యాను మోకాలెత్తులో వేలాడదీయాలి. పది నిమిషాలు నిలవాలి. ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లు.

మొదటి విడత: ఆరింటికి ఆరూ జారాయి. బాగా నిలిచింది మూడు నిమిషాలు.

తప్పు పిల్లలది అనుకుని మళ్ళీ కట్టించాను. మళ్ళీ జారాయి. మూడోసారి నేనే కట్టాను. ఐదు నిమిషాలకు అడ్డబొంగు నెమ్మదిగా, మర్యాదగా కిందికి దిగింది. అప్పుడు తాడు వంక చూశాను. నున్నటి నైలాన్, నున్నటి వెదురు. కొత్త నైలాన్ కొద్దిగా సాగుతుంది కూడా, అందుకే ఎంత బిగించినా బరువు పడగానే వదులవుతుంది. 650 రూపాయలు అలా పోయాయి. (పోలేదు. బట్టలారేసుకునే తాడుగా రెండు రోజులు పనికొచ్చింది. అంత ఖరీదైన దండెం మా ఊళ్ళో ఇంకొకటి లేదు.)

మరుసటి వారానికి ఆరు మిల్లీమీటర్ల జనపతాడు 100 మీటర్లు తెచ్చాను. కొబ్బరితాడు చవకే, కానీ పదేళ్ళ పిల్లల అరచేతులు గీసుకుపోతాయి. తెచ్చిన వెంటనే రెండో తప్పు చేశాను: మొత్తం తాడును రెండేసి మీటర్ల ముక్కలుగా కోసేశాను, 50 ముక్కలు. ముడులకు అది చక్కటి కొలత. లాషింగుకు చాలదు. చుట్లు అయ్యేసరికి తాడు అయిపోతోంది, మధ్యలో బిగించే చుట్లకు మిగలడం లేదు. రెండు ముక్కలు షీట్ బెండుతో కలిపి చూశాం. ఆ ముడి సరిగ్గా బొంగుల మధ్య ఇరుక్కుని కట్టు కూర్చోలేదు.

ఒక కట్టు పూర్తిగా కట్టి, విప్పి, పట్టిన తాడు కొలిచాను. ఐదు సెంటీమీటర్ల బొంగుల మీద 2.65 మీటర్లు. చేతికి పట్టు ఉండాలంటే మూడు మీటర్లు కోయాలి. ఇంకో 60 మీటర్లు తెచ్చి 20 ముక్కలు కోశాం, కొసలు పురికొసతో చుట్టి కట్టాం. ముందు కొలిచి తరువాత కోయాలని పిల్లలకు చెప్పే మనిషినే నేను.

మాకు చివరికి నిలిచిన స్క్వేర్ లాషింగు:

1. నిలువు బొంగుకు, అడ్డబొంగు వచ్చే చోటుకు కాస్త కింద, క్లవ్ హిచ్ (బొంగుకు తాడు బిగించే ముడి). మిగిలిన చిన్న కొసను పెద్ద తాడుకు మెలిపెట్టండి.
2. అడ్డబొంగు దాని మీద కూర్చోబెట్టండి.
3. అడ్డబొంగు ముందు నుంచి, నిలువు బొంగు వెనక నుంచి తాడు తిప్పుతూ మూడు చుట్లు. చుట్టు పక్కన చుట్టు పడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.
4. ఇప్పుడు బొంగుల మధ్యలోంచి, ముందు వేసిన చుట్ల మీదుగా రెండు బిగింపు చుట్లు. బలమంతా ఇక్కడే.
5. అడ్డబొంగుకు క్లవ్ హిచ్‌తో ముగింపు.

నాలుగో మెట్టులో పిల్లలు వేళ్ళతో లాగుతారు. వేళ్ళ బలం చాలదు. తాడును ఒక చిన్న కర్రకు చుట్టి, ఆ కర్ర పట్టుకుని ఒళ్ళు వెనక్కి వేసి లాగాలి. ఈ కిటుకు మాకు ఈత చెట్లు గీసే గౌడ్ తాత చూపించాడు. సైకిలు ఆపి గోడ మీంచి కాసేపు చూసి, "గట్ల చేత్తోని గుంజితే బిగువు రాదు సారూ, కట్టె వెట్టి గుంజాలె" అన్నాడు. మోకు మీద ప్రాణం పెట్టి చెట్టెక్కే మనిషి. అతని మాట తరువాత ఎవరూ చేత్తో లాగలేదు.

జనపతాడు, మూడు మీటర్లు, కర్రతో బిగింపు: ఆరింటిలో ఐదు నిలిచాయి.

ఇప్పుడు నేర్పే తీరు. నేను పిల్లలకు ఎదురుగా నిలబడి చూపించాను. నా కుడి వాళ్ళకు ఎడమగా కనపడింది. పన్నెండుమందిలో ఏడుగురు అద్దంలో చూసినట్టు తిరగేసి నేర్చుకున్నారు. మేడమ్ నన్ను పక్కకు జరిపి, పిల్లలకు వీపు పెట్టి, చేతులు తలకంటే పైకెత్తి తాడు చూపించారు. గొడవ తీరింది.

ఆవిడ ఇంకో పని కూడా చేశారు, నాకు చెప్పకుండా. పిల్లల చేతిలో తాడును నేను ఎన్నిసార్లు ముట్టుకుని సరిచేశానో చిన్న నోటుబుక్కులో గీతలు పెట్టారు. సాయంత్రం చూపిస్తే 17. "మీరు సరిచేసిన ముడి మీరు వేసినట్టే సార్, వాళ్ళు వేసినట్టు కాదు" అన్నారు. నాకు కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. రాత్రి ఇంటికెళ్ళి ఆలోచిస్తే పోయినేటి క్యాంపు ఎక్కడ పాడయిందో అర్థమైంది. అప్పుడు ఎవరూ గీతలు పెట్టలేదు గానీ, పెట్టి ఉంటే ఒక పుస్తకం నిండేది.

అక్కడే నియమం పెట్టుకున్నాం: నేర్పేవాళ్ళ చేతులు వెనక్కి. నోటితో చెప్పొచ్చు, తన తాడుతో చూపొచ్చు, ఎదుటివాడి తాడు ముట్టుకోకూడదు. ఇది నాకూ వర్తిస్తుంది.

నా చేతి లెక్క: 17
ఖర్చు: జనపతాడు 900 + 540
ఇప్పటివరకు: రూ. 3,890

దశ 3: శనివారం, తోటలో (డిసెంబర్ రెండో శనివారం)

పన్నెండుమంది లీడర్లు, నేను, మేడమ్, ఇద్దరు పెద్దవాళ్ళు. మధ్యాహ్నం భోజనం ఇంటి నుంచి టిఫిన్ బాక్సుల్లో. జెండా, ప్రార్థన, దళాల పని పంపకం గురించి రాయను, అవి ప్రతి క్యాంపులోనూ ఒకటే.

*కొలత, కంపాసు*

మామిడితోట ఒక వరం. చెట్టుకూ చెట్టుకూ పది మీటర్లు వదిలి నాటిన పాత తోట. పట్టాలు కట్టే ముందే టేపుతో రెండు వరసలు చూశాను, 9.8 నుంచి 10.2 మధ్య ఉన్నాయి. పది సందులు నడిస్తే వంద మీటర్లు. ప్రతి లీడరూ నాలుగుసార్లు నడిచి తన అడుగులు లెక్కపెట్టుకున్నాడు. వంద మీటర్లకు 128 నుంచి 156 అడుగులు వచ్చాయి. ఈ అంకె ఎవరిది వాళ్ళు స్కార్ఫ్ లోపలివైపు పెన్నుతో రాసుకున్నారు. ఇళ్ళల్లో తిట్లు పడ్డాయని తరువాత విన్నాను.

తరువాత కంపాసు నడక. రెండు వందల మీటర్లు, ఒకే దిశ, చివర ఒక చెట్టుకు ఎర్ర గుడ్డ. నాలుగు జట్లు గుడ్డ దగ్గరికే వచ్చాయి. రెండు జట్లు మాత్రం 34, 29 మీటర్లు పక్కన తేలాయి. రెండు వందల మీటర్లకు 34 మీటర్లు అంటే సుమారు పది డిగ్రీల తప్పు, కాళ్ళ తప్పు కాదది.

నాకు వెంటనే ఎర్రరాయి మీద అనుమానం వచ్చింది. ఆ రాయిలో ఇనుము ఉంటుంది, అందుకే ఎరుపు. కంపాసు రాయి దగ్గర, నల్లమట్టి మీద, షెడ్డు వెనక పెట్టి చూశాను. సూది ఎక్కడా కదల్లేదు. అరగంట పోయింది. చివరికి పాలపిట్ట సెకండ్ మ్యాపు పట్టుకున్న తీరు చూశాను. మ్యాపు కింద అట్ట లేక, జామెట్రీ డబ్బా పెట్టుకున్నాడు. రేకు డబ్బా. మనవాళ్ళు దాన్నే కంపాస్ బాక్స్ అంటారు, కంపాసుకు శత్రువు అదే అయింది. డబ్బా ఆనిస్తే సూది పక్కకు తిరిగింది, మూరెడు దూరం జరిపితే మళ్ళీ నిలిచింది. రెండో జట్టు దగ్గర స్టీలు నీళ్ళ సీసా చంకలో ఉంది.

మార్పు: కంపాసు చూసేముందు "ఇనుము కింద" అని లీడర్ అరవాలి, అందరూ డబ్బాలు, సీసాలు, చాకులు నేలమీద పెట్టి రెండడుగులు వెనక్కి జరగాలి. రెండోసారి నడకలో ఆరు జట్లూ ఏడు మీటర్ల లోపు వచ్చాయి.

చెట్టు ఎత్తు అంచనా త్వరగా చెప్పేస్తాను. తోట గట్టు మీద ఈత చెట్టు. చేయి చాచి కర్రతో కొలిచే పద్ధతి. పిల్లల జవాబులు 5.5 నుంచి 10 మీటర్ల దాకా. గౌడ్ తాత లొట్టి దించడానికి వచ్చినప్పుడు పైనుంచి పురికొస వదిలాడు: 7.4. తప్పంతా కర్రను పడుకోబెట్టాక నడిచే మనిషి దగ్గర వచ్చింది. చూసేవాడి చూపుకు అడ్డంగా నడవాల్సినవాడు ఏటవాలుగా చూసేవాడి వైపే నడిచొస్తున్నాడు.

*పొయ్యి*

దళానికి మూడు అగ్గిపుల్లలు, ఐదు లీటర్ల నీళ్ళు, మూడు రాళ్ళు. నీళ్ళు మరిగేదాకా గడియారం.

తాండూరు కందిపప్పు పేరు చెప్పుకునే జిల్లా మాది, కందికట్టెకు కొదవ లేదు. పిల్లలందరూ దానికే ఎగబడ్డారు. భగ్గున మండింది, ఐదు నిమిషాల్లో బూడిదైంది. కందికట్టె ఒక్కదానితో మరిగించిన చిరుత దళానికి 38 నిమిషాలు పట్టింది, ఒక మనిషి పొయ్యి ముందు నుంచి లేవకుండా. కందికట్టెతో రాజేసి తుమ్మకొమ్మ పెట్టిన తంగేడు దళానికి 24. మధ్యలో మిగతావాళ్ళు. బంతి దళం మూడు పుల్లలూ అయిపోగొట్టుకుని పక్క పొయ్యి నుంచి నిప్పు అడుక్కుంది. కారణం మంచు కాదు, కట్టెలు మరీ దగ్గర దగ్గరగా పేర్చి గాలికి దారి లేకుండా చేశారు.

రెండో విడతలో మూతలు పెట్టించాను. అదే తుమ్మ, అదే పొయ్యి, 18 నిమిషాలు. ఇన్నేళ్ళుగా క్యాంపుల్లో మూత లేకుండా ఎందుకు మరిగించామో నా దగ్గర జవాబు లేదు.

ఒక హెచ్చరిక. రొట్టె పిండిని కర్రకు చుట్టి కాల్చే వంట కోసం మల్లె దళం పిల్ల కంచె నుంచి తిన్నటి పచ్చికర్ర విరుచుకొచ్చింది. గన్నేరు. విషం. కర్ర పారేయించి, చేతులు సబ్బుతో కడిగించి, ఆ కంచె దగ్గరికి అందర్నీ నడిపించి చూపించాను. పొయ్యిలోకీ అది రాకూడదు, పొగ కూడా మంచిది కాదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ఏమవుతుందో అక్కడే చెప్పాను. చెట్ల పేర్లు సాయంత్రం చెబుదామని పెట్టుకోవడం నా పొరపాటు. కట్టెలకు పంపేముందే చెప్పాలి.

*రాత్రి*

తెల్లవారుజామున ఐదింటికి షెడ్డు బయట 11 డిగ్రీలు. దుప్పట్లు పైన కప్పుకోవడానికి తెచ్చుకున్నారు, కింద వేసుకోవడానికి ఎవరూ తేలేదు. సిమెంటు గచ్చు ఒంట్లో వేడంతా లాగేసింది. రెండింటికి నలుగురు లేచి కూర్చున్నారు. మిగిలిన ఖాళీ గోనెసంచులు దులిపి రెండేసి పొరలు పరిచాక పడుకున్నారు. సామాన్ల చీటీలో "దుప్పటి" అని రాసిన చోట "కింద ఒకటి, పైన ఒకటి" అని మార్చాను.

నా చేతి లెక్క: 17 + 6 = 23

దశ 4: ఆదివారం, చిన్నవాళ్ళు వచ్చిన రోజు

ఎనిమిదిన్నరకు ఇరవై నాలుగుమంది దిగారు. ఎవరి దళం దగ్గరికి వాళ్ళు. మేము నలుగురు పెద్దవాళ్ళం షెడ్డు అరుగు మీద, చేతులు వెనక్కి.

1907 ఆగస్టులో బ్రౌన్‌సీ దీవి మీద బేడెన్ పావెల్ మొదటి క్యాంపు పెట్టినప్పుడు కూడా పిల్లల్ని నాలుగు దళాలు చేసి ఒక్కో పెద్ద పిల్లాడి చేతిలో పెట్టాడు. చదివినప్పుడు అదేమంత కష్టమనిపించదు. అరుగు మీద కూర్చుని, కళ్ళ ముందు తప్పు ముడి పడుతుంటే నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆ ఉదయం తెలిసింది.

మొదటి గంట ఘోరం. లీడర్లు అరుస్తున్నారు. చిరుత లీడర్ అచ్చం నాలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని "ఎన్నిసార్లు చెప్పాలిరా" అంటున్నాడు. మేడమ్ నా వంక చూశారు, నేను మామిడిచెట్ల వంక చూశాను. ఆ గంటలో ఇరవై నాలుగుమందిలో రీఫ్ నాట్ (రెండు కొసలు కలిపి కట్టే ముడి) సరిగ్గా వేసినవాళ్ళు ఎనిమిది మంది. మిగతావాళ్ళది తిరగబడి, లాగితే జారిపోయే ముడి.

మల్లె దళం దగ్గర మాత్రం సద్దు లేదు. వెళ్ళి చూస్తే ఆ లీడర్ పిల్ల వంట సామాన్లలోంచి పసుపు, కుంకుమ తెచ్చి, తడిపి, ప్రతి తాడుకూ ఒక కొస పసుపు, ఒక కొస ఎరుపు చేసింది. "పసుపు మీద ఎరుపు, మళ్ళీ పసుపు మీదే ఎరుపు. ఎప్పుడూ పైన ఉన్నది పైనే పోవాలి." కుడి ఎడమల మాటే లేదు, ఎటు నిలబడి చూసినా ఒకటే. నలుగురూ పదకొండు నిమిషాల్లో వేశారు. అందులో ఒకడు ఎడమచేతివాటం, వాడికీ తేడా పడలేదు.

ఇరవై ఏళ్ళుగా ముడులు నేర్పుతున్నాను. నాకు తట్టలేదు.

పది నిమిషాల టీ విరామం ఇచ్చాం. అంతే, ఐదు దళాల లీడర్లూ మల్లె దళం దగ్గర మూగారు. పసుపు డబ్బా చేతులు మారింది. మధ్యాహ్నం సాంబారు కాస్త పాలిపోయింది, ఎవరూ అడగలేదు.

రెండున్నరకు పరీక్ష. చిన్నవాళ్ళు ఒక్కొక్కరే, లీడర్ మాట్లాడకుండా:

రీఫ్ నాట్: 24లో 21
క్లవ్ హిచ్: 24లో 19
షీట్ బెండ్: 24లో 14
బోలైన్ (బిగుసుకోని ఉచ్చు ముడి): 24లో 9
నీళ్ళ క్యాను, దళమంతా కలిసి కట్టింది: 6లో 4

క్యాను పడినవి రెండూ చుట్టు మీద చుట్టు ఎక్కిన కట్లు. చిరుత దళానిది ఎనిమిది నిమిషాలకు పడింది. ఆ లీడర్ ఉదయమంతా అరిచినవాడే. పడ్డాక అరవలేదు. కట్టు విప్పకుండా ఉంచి, తన పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, ఏ చుట్టు ఎక్కడ ఎక్కిందో వేలితో చూపించాడు, ముట్టుకోకుండా. రెండోసారి కట్టించాడు. నిలిచింది. నేను దాన్ని లెక్కలో వేయలేదు, వేయాలని మాత్రం బాగా అనిపించింది.

బియ్యం లెక్క కూడా రాస్తున్నాను, ఇది ఎప్పుడూ ఎవరూ రాయరు. శనివారం రాత్రి 16 మందికి, ఆదివారం మధ్యాహ్నం 40 మందికి, మనిషికి 150 గ్రాముల చొప్పున 8.4 కిలోలు. పది కిలోలు తెచ్చాం. ఆదివారం తొమ్మిదిమందికి అన్నం తక్కువ పడింది. తప్పు కొలతలో లేదు. పెద్ద గిన్నె అడుగున రెండు వేళ్ళ మందం మాడింది. కందికట్టె మంట ఒక్కసారిగా లేస్తుంది గదా, ఎసరు పొంగే వరకే అది పనికొస్తుంది, అన్నం మగ్గేటప్పుడు తీసేసి తుమ్మ నిప్పుల మీద ఉంచాలి. మిగిలిన బియ్యం మళ్ళీ వండేసరికి మూడయింది.

నా చేతి లెక్క: 23 + 2 = 25
ఖర్చు: తిండి సామాన్లు 2,380, ట్రాలీ ఆటో రానుపోను 1,200, నీళ్ళ క్యాన్లు 200, కాపలాదారుకు 500
మొత్తం: రూ. 8,170
పిల్లల దగ్గర తీసుకున్నది 36 × 150 = 5,400. చేతి నుంచి పడ్డది 2,770. అందులో 650 నైలాన్.

దశ 5: సంక్రాంతి సెలవుల తరువాత (జనవరి)

ముందే చెప్పకుండా, ప్రార్థన అయ్యాక తాళ్ళు పంచాం. 24 మందిలో 22 మంది వచ్చారు.

రీఫ్ నాట్ 20. క్లవ్ హిచ్ 17. షీట్ బెండ్ 8. బోలైన్ 11.

మొదటి రెండూ అనుకున్నట్టే. షీట్ బెండ్ దాదాపు సగానికి పడింది. ఇంట్లో రెండు వేరే వేరే మందాల తాళ్ళు కలిపే పని పిల్లలకు ఎక్కడ పడుతుంది? కానీ బోలైన్ పెరగడం ఏమిటి? నేర్పిన నెల తరువాత, మధ్యలో ఎవరూ నేర్పకుండా?

నేను లెక్క తప్పు అనుకుని ఇంకోసారి వేయించాను. పదకొండే. అప్పుడు బంతి దళంలో చిన్నది ఒకతి, "మా మేకకు కట్టిన సార్, మెడకు బిగుసుకుంటలేదు" అంది. క్యాంపులో బోలైన్ రానివాళ్ళలో ఆ పిల్ల ఒకతి. సెలవుల్లో వాళ్ళ లీడర్ ఇంటికెళ్ళి నేర్చుకుందట. పలుపు మామూలుగా వేస్తే లాగినప్పుడల్లా మెడ నొక్కుకుంటుంది, ఇది నొక్కుకోదు. ఆ వాడలో ఇంకో ఇద్దరు చూసి నేర్చుకున్నారు.

వచ్చేసారికి మార్పులు:

1. షీట్ బెండ్‌ను ముడుల పాఠం నుంచి తీసేసి, పొట్టి తాడుతో పట్టా కట్టే పనిలో పెట్టడం. తాడు చాలదు కాబట్టి కలపక తప్పదు.
2. బోలైన్‌కు కాపలాదారు మేకలు అడగడం. ఒప్పుకున్నాడు, మేకకు ఒక సోలెడు దాణా చొప్పున.
3. పసుపు, కుంకుమ తాళ్ళ సామాన్ల పెట్టెలో వేరేగా.
4. విషపు చెట్ల నడక శనివారం మొదటి గంటలోనే.
5. నైలాన్ కొనకపోవడం.

తాడు లెక్కతో ఆపుతాను. రెండు మీటర్ల ముక్కలు 50కి 41 తిరిగొచ్చాయి, మూడు మీటర్లవి 20కి 17. అంటే 160 మీటర్లలో 133. పోయిన 27 మీటర్లలో ఒక మూడు మీటర్ల ముక్క తోట గేటుకు కట్టి ఉంది, కట్టింది కాపలాదారే, క్లవ్ హిచ్ సరిగ్గానే వేశాడు. రెండు మీటర్ల ముక్కలు మూడు ఆ వాడలో మేకల మెడల్లో చూశాను. ఒకదానికి కొస ఇంకా పసుపుపచ్చగానే ఉంది. తిరిగి ఇమ్మని అడగలేదు.